పాత హోమ్ కంప్యూటర్లలో వీడియో, మాట, వేల రంగులు: హద్దు ఎక్కడుంది?

సంక్షిప్తంగా: 1980ల నాటి హోమ్ కంప్యూటర్లు ఇవాళ పూర్తి తెర వీడియో చూపిస్తున్నాయంటే వాటి చిప్‌ల శక్తి పెరగలేదు. దీనికి కారణాలు ప్రధానంగా మూడు. ఆ చిప్‌లు ఏ క్షణంలో ఏం చేస్తాయో పూర్తిగా తెలిసిపోయింది. బరువైన లెక్కలన్నీ ముందే ఆధునిక కంప్యూటర్ మీద చేసిపెట్టుకునే వీలు వచ్చింది. క్యాసెట్లు, ఫ్లాపీల స్థానంలోకి మెమరీ కార్డులు వచ్చాయి. ఒక్కో ప్రదర్శనలో ఈ మూడింటి వాటా ఒక్కో రకంగా ఉంటుంది.

1982లో వచ్చిన కమొడోర్ 64 మీద కదిలే వీడియో ఆడుతుంది. అదే ఏడాది వచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్, ఒకే ఒక్క బిట్‌తో నడిచే స్పీకర్ నుంచి నాలుగు స్వరాలను ఒకేసారి వినిపిస్తుంది. నాలుగు రంగులకు మించి చూపించలేదని పేరుపడ్డ తొలితరం ఐబీఎం పీసీ తెర మీద వెయ్యి రంగులు కనిపిస్తాయి. ఇలాంటి దృశ్యాలు చూసినవారికి వచ్చే అనుమానాలు రెండు. లోపల ఏదో కొత్త పరికరం దాచి కనికట్టు చేస్తున్నారా అన్నది మొదటిది. ఆ యంత్రానికి నిజంగా ఇంత సత్తా ఉంటే అప్పుడే ఎందుకు చేయలేదన్నది రెండోది. రెండు అనుమానాలూ సహేతుకమైనవే. జవాబు మాత్రం యంత్రాన్ని బట్టి, ప్రదర్శనను బట్టి మారుతుంది.

### అసలు ఇరుకు బైట్ల దారిలో

పాత కంప్యూటర్ అనగానే ప్రాసెసర్ నెమ్మది అన్న సంగతే గుర్తొస్తుంది. వీడియో దగ్గరకొచ్చేసరికి అంతకంటే ముందు అడ్డుపడేది డేటా సరఫరా. స్పెక్ట్రమ్ తెర 256×192 పిక్సెళ్లు. చుక్కల వివరాలకు 6,144 బైట్లు, రంగుల వివరాలకు 768 బైట్లు, వెరసి ఒక బొమ్మకు 6,912 బైట్లు. క్యాసెట్ నుంచి ఈ ఒక్క బొమ్మ లోడ్ కావడానికి సుమారు 40 సెకన్లు పట్టేది. సెకనుకు 25 బొమ్మల చొప్పున వీడియో ఆడాలంటే క్యాసెట్ ఇచ్చే వేగానికి వెయ్యి రెట్లు కావాలి.

కమొడోర్ 64కు ఫ్లాపీ డ్రైవ్ ఉంది. ఆ 1541 డ్రైవ్ నిజానికి మరో చిన్న కంప్యూటర్: దాని లోపల సొంత 6502 ప్రాసెసర్, 2 కేబీ మెమరీ ఉంటాయి. అయినా అది సెకనుకు ఇచ్చేది సుమారు 400 బైట్లే. కమొడోర్ అంతకుముందరి కంప్యూటర్ వీఐసీ-20 కోసం అనుకున్న, బిట్లను తనంతట తానే పంపే హార్డ్‌వేర్ షిఫ్ట్ రిజిస్టర్‌లో లోపం బయటపడటంతో, బిట్లను ఒక్కొక్కటిగా సాఫ్ట్‌వేర్ ద్వారా పంపాల్సి వచ్చింది. ఆ మార్గమే కమొడోర్ 64కూ వారసత్వంగా వచ్చి, ఇంకాస్త నెమ్మదించింది. డ్రైవ్ మెమరీలోకి తమ సొంత కోడ్ ఎక్కించి, రెండు వైపులా కొత్త పద్ధతిలో మాట్లాడుకునేలా చేసిన ‘ఫాస్ట్‌లోడర్లు’ ఈ ఇరుకును చాలావరకు సడలించాయి. ఈ యంత్రం హద్దులు జరపడంలో అవి తొలినాటి ప్రయత్నాల్లో ఒకటి.

మనిషి గొంతు లెక్క చూస్తే సమస్య ఇంకా స్పష్టమవుతుంది. సెకనుకు 8,000 నమూనాలు, ఒక్కో నమూనాకు 4 బిట్లు అనుకుంటే సెకనుకు 4,000 బైట్లు కావాలి. 64 కేబీ మెమరీ మొత్తం గొంతుకే ఇచ్చేసినా 16 సెకన్లకు మించి రాదు. 170 కేబీ ఫ్లాపీ అంతా నింపినా 45 సెకన్లు దాటదు. పైగా డ్రైవ్ మామూలు వేగం అవసరంలో పదో వంతు.

ఇప్పుడు ఆ క్యాసెట్ స్థానంలో మెమరీ కార్డును పెట్టి చూద్దాం. స్పెక్ట్రమ్‌లోని జెడ్80 ప్రాసెసర్ వేగం 3.5 మెగాహెర్ట్జ్. పోర్టు నుంచి ఒక బైట్ తీసుకుని మెమరీలో పెట్టే ‘ఐఎన్ఐ’ అనే ఆదేశానికి 16 క్లాక్ సైకిళ్లు (ప్రాసెసర్ గడియారపు టిక్కులు) పడతాయి. 6,912 బైట్లకు 1,10,592 సైకిళ్లు. స్పెక్ట్రమ్ తెర ఒకసారి రిఫ్రెష్ అయ్యే వ్యవధిలో 69,888 సైకిళ్లు ఉంటాయి. రెండు రిఫ్రెష్‌లకు ఒక కొత్త బొమ్మ చొప్పున, అంటే సెకనుకు 25 బొమ్మలు తెచ్చుకుంటే ఇంకా 29,184 సైకిళ్లు మిగులుతాయి. ఆ మిగులులోనే శబ్దం సంగతి చూసుకోవాలి. తెర మెమరీని వీడియో చిప్, ప్రాసెసర్ పంచుకోవడం వల్ల మధ్యమధ్య ఆగాల్సి వస్తుంది కాబట్టి ఆచరణలో లెక్క ఇంకా బిగుస్తుంది. అయినా పని సాధ్యమే. ప్రాసెసర్ 1982లో ఉన్నదే. కొత్తగా వచ్చింది డేటా ఇచ్చే వైపు మాత్రమే. ‘అప్పుడే ఎందుకు చేయలేదు’ అన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది.

### గీత గీతకూ చిప్‌ను ఏమార్చడం

మిగతా సగం జవాబు తెర గీసే పద్ధతిలో ఉంది. ఆ కాలపు వీడియో చిప్‌లు బొమ్మ మొత్తాన్ని ఒకేసారి టీవీకి పంపవు. ఎలక్ట్రాన్ పుంజం పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి కదులుతున్న కొద్దీ మెమరీలోంచి అప్పటికప్పుడు చదివి సంకేతంగా మారుస్తాయి. పుంజం సగం తెర దాటాక రంగు రిజిస్టర్ (చిప్ తన అమరికను దాచుకునే చిన్న మెమరీ గడి) మారిస్తే, పై సగానికి పాత రంగు, కింది సగానికి కొత్త రంగు. పరికరం మాన్యువల్‌లో రాసిన పరిమితులన్నీ ‘మధ్యలో ఎవరూ వేలు పెట్టకపోతే’ అన్న ఊహ మీద ఆధారపడినవే.

కమొడోర్ 64 ఇందుకు మంచి ఉదాహరణ. యూరప్‌లో వాడే పాల్ పద్ధతిలో దాని తెరకు 312 గీతలు, గీతకు 63 సైకిళ్లు, మొత్తం 19,656 సైకిళ్లు. సెకనుకు 50 సార్లు ఇదే తంతు. మల్టీకలర్ మోడ్‌లో 160×200 పిక్సెళ్లు ఉంటాయి. 4×8 పిక్సెళ్ల గడికి మూడు సొంత రంగులు, అన్ని గడులకూ కలిపి ఒక నేపథ్య రంగు. ఫొటో లాంటి బొమ్మకు ఇది చాలదు. ఒక గడిలో మూడు రంగులు, పక్క గడిలో వేరే మూడు కావడంతో బొమ్మ అంతా చతురస్రపు అతుకుల్లా కనిపిస్తుంది.

ఈ తెరను గీసే వీడియో చిప్ పేరు విక్-2. ప్రతి ఎనిమిదో గీత దగ్గర అది ప్రాసెసర్‌ను సుమారు 40 సైకిళ్ల పాటు ఆపేసి, తర్వాతి గడుల వరుసకు కావాల్సిన రంగుల సమాచారం చదువుకుంటుంది. ప్రోగ్రామర్లు దీన్ని ‘బ్యాడ్‌లైన్’ అంటారు. తమ సైకిళ్లు పోతాయి కాబట్టి ఆ పేరు పెట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. కొత్త వరుస వచ్చిందని చిప్ నిర్ణయించుకునే విధానం చాలా సాదాసీదా: గీత సంఖ్యలోని చివరి మూడు బిట్లు, నిలువు స్క్రోల్ విలువతో సరిపోలితే చాలు. మరి స్క్రోల్ విలువను ప్రతి గీతకూ మారుస్తూ పోతే? ప్రతి గీతా కొత్త వరుసే అనుకుని చిప్ రంగుల సమాచారాన్ని మళ్లీ చదువుతుంది. దాంతో రంగులు గడికి కాక గీతకు మారతాయి. ఎఫ్‌ఎల్‌ఐ అని పిలిచే పద్ధతి సారాంశం ఇంతే.

అయితే దీనికి చెల్లించాల్సిన మూల్యం తక్కువేమీ కాదు. రంగుల పట్టికలు ఒకటికి బదులు ఎనిమిది కావాలి, వాటికి 8 కేబీ. బొమ్మకు మరో 8 కేబీ. విక్-2 ఒకసారికి చూడగలిగేది 16 కేబీనే, కాబట్టి ఆ కిటికీ అంచు దాకా నిండిపోతుంది. ప్రతి గీతా బ్యాడ్‌లైన్ కావడంతో ప్రాసెసర్‌కు గీతకు 23 సైకిళ్లకు మించి మిగలవు. రెండు రిజిస్టర్లలో విలువలు మార్చడానికే 12 సైకిళ్లు పోతాయి. పైగా చిప్‌ను ఇలా అకస్మాత్తుగా నిద్రలేపితే మెమరీ దారి పూర్తిగా దాని చేతికి రావడానికి మూడు సైకిళ్లు ఆలస్యమవుతుంది. ఆ మూడు సైకిళ్లలో అది అర్థం లేని విలువలు చదువుకుంటుంది. అందుకే ఎఫ్‌ఎల్‌ఐ బొమ్మల ఎడమ అంచున 24 పిక్సెళ్ల వెడల్పున చెత్త కనిపిస్తుంది. చాలామంది చిత్రకారులు అక్కడ స్ప్రైట్లు (తెర మీద ఎక్కడైనా విడిగా కదిలించగల చిన్న బొమ్మలు) అడ్డం పెట్టి కప్పేస్తారు, కొందరు ఆ పట్టీని నల్లగా వదిలేస్తారు.

తెర చుట్టూ ఉండే అంచును తీసేయడం మరో ప్రసిద్ధ యుక్తి. విక్-2లో 24 వరుసలు, 25 వరుసలు అని రెండు అమరికలున్నాయి. మొదటి అమరికలో కింది అంచు 247వ గీత దగ్గర, రెండోదానిలో 251వ గీత దగ్గర మొదలవుతుంది. 247 దాటేవరకు 25 వరుసల అమరికలో ఉండి, 251 రాకముందే 53265వ రిజిస్టర్‌లో ఒక బిట్ మార్చి 24 వరుసలకు దిగితే, చిప్ ఎదురుచూసే గీత ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. అంచు మొదలు పెట్టాల్సిన క్షణం ఏ అమరికలోనూ తగలదు. ఫలితంగా పైనా కిందా అంచులు తెరుచుకుంటాయి. ఆ ఖాళీలో స్ప్రైట్లు కనిపిస్తాయి. వాటి వెనక చిప్ తన 16 కేబీ కిటికీలోని చివరి బైట్‌ను పదేపదే గీస్తూ ఉంటుంది. ఆ బైట్‌లో సున్నా పెట్టడం మరిచిపోతే తెర మీద నిలువు చారలు వస్తాయి.

స్పెక్ట్రమ్‌లో ఇదే తరహా ప్రయత్నానికి స్ప్రైట్లూ లేవు, స్క్రోల్ రిజిస్టర్లూ లేవు. 8×8 గడికి రెండే రంగులు. పుంజం ఒక గీత గీసేలోపు ఆ గడుల రంగులను ప్రాసెసరే తిరగరాయాలి. గీతకు 224 సైకిళ్లు ఉంటాయి. స్టాక్ ఆదేశాలతో రెండు బైట్లు చదివి రాయడానికి 21 సైకిళ్లు పడతాయి. అంటే ఒక గీత వ్యవధిలో 32 గడుల రంగులూ మార్చడం లెక్క ప్రకారమే కుదరదు. అందుకే కొందరు తెర మధ్యభాగంలోనే ప్రతి గీతకూ రంగులు మారుస్తారు, మరికొందరు రెండు గీతలకోసారి మారుస్తూ దాదాపు పూర్తి వెడల్పు సాధిస్తారు. 16 రంగుల అటారీ ఎస్‌టీలో గీత నడుస్తుండగానే పాలెట్ (వాడే రంగుల జాబితా) మార్చి, యంత్రానికున్న 512 రంగులనూ ఒకే బొమ్మలోకి తెచ్చే ప్రోగ్రామ్‌లు 1980ల చివరికే వచ్చేశాయి.

1985లో వచ్చిన అమిగాలో ఈ యుక్తి అధికారికమైంది. పుంజం ఫలానా చోటికి వచ్చినప్పుడు ఫలానా రిజిస్టర్ మార్చు అని ముందే జాబితా రాసిస్తే, ‘కాపర్’ అనే చిన్న సహాయక చిప్ భాగం ఆ పని చేసిపెడుతుంది. ప్రాసెసర్ సైకిళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు. ఎడమ పక్కనున్న పిక్సెల్ రంగులో ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒకదాన్ని మాత్రమే మార్చుకుంటూ పోయే ‘హామ్’ మోడ్‌తో 4,096 రంగులూ ఒకే తెర మీదికి వచ్చాయి. రంగు ఒక్కసారిగా మారాల్సిన అంచుల దగ్గర మరకలు పడటం దాని బలహీనత.

### ఒక్క బిట్ స్పీకర్, ఒక వాల్యూమ్ బిరడా

శబ్దం విషయంలో కథ కొంత భిన్నంగా ఉంటుంది. కమొడోర్ 64లోని సిడ్ చిప్‌ను రూపొందించిన బాబ్ యానెస్ మూడు స్వరాలు, ఒక ఫిల్టర్‌తో అసలైన సింథసైజర్‌నే ఇందులో పెట్టారు. రికార్డు చేసిన గొంతు వినిపించే సదుపాయం మాత్రం లేదు. ‘పోక్ 54296, 15’ అని టైప్ చేసినవారికి తెలిసిన ఆ వాల్యూమ్ రిజిస్టర్‌లో 4 బిట్లు ఉంటాయి. సిడ్ తొలి రూపమైన 6581 చిప్‌లో ఒక అనుకోని లోపం ఉంది: స్వరాలేవీ మోగకపోయినా అవుట్‌పుట్‌లో కొంత స్థిరమైన విద్యుత్ పీడనం ఉంటుంది. వాల్యూమ్ మారిస్తే ఆ పీడనం కూడా మారి ‘టప్’మని చప్పుడు వస్తుంది. ఈ చప్పుళ్లనే సెకనుకు వేలసార్లు క్రమపద్ధతిలో చేయిస్తే అది 16 స్థాయిల డిజిటల్ ధ్వని. ఆ కాలపు ఆటల్లో వినిపించిన డ్రమ్ములు, మాటలు చాలావరకు ఇలా వచ్చినవే.

తర్వాతి 8580 చిప్‌లో ఇంజినీర్లు ఆ లోపాన్ని సరిచేశారు. దాంతో అదే ఆట కొత్త యంత్రంలో పెడితే గొంతు వినీవినిపించనట్టు మారిపోయింది. లోపం పోయిందని కొనుగోలుదారు బాధపడిన అరుదైన సందర్భాల్లో ఇదొకటి. ఆ రిజిస్టర్‌లోనే వాల్యూమ్ పక్కన ఫిల్టర్‌కు సంబంధించిన బిట్లు కూడా ఉంటాయి. మొత్తం 256 విలువలూ ఒక్కొక్కటి ఎంత పీడనం ఇస్తుందో కొలిచి పట్టిక వేసుకుంటే, 16 కంటే ఎన్నో ఎక్కువ స్థాయిలు చేతికొస్తాయి. ఈ మెరుగు 2010ల నాటిది. అప్పటికి చిప్ వయసు 30 ఏళ్లు దాటింది. పోల్చి చూస్తే, అటారీ 8-బిట్ కంప్యూటర్లలోని శబ్దపు చిప్ పోకీకి వాల్యూమ్‌ను మాత్రమే వాడుకునే పద్ధతి రూపకల్పనలోనే ఉంది. అక్కడ లోపం మీద ఆధారపడాల్సిన పనిలేదు.

స్పెక్ట్రమ్, ఆపిల్-2, ఐబీఎం పీసీలలో స్పీకర్‌కు రెండే స్థితులు: ముందుకు, వెనక్కి. ఇక్కడ ఆధారం స్పీకర్ కాగితపు జడత్వం. అది ప్రాసెసర్ అంత వేగంగా కదలలేదు. స్విచ్‌ను అతి వేగంగా వేసి తీస్తూ, వేసి ఉన్న సమయం నిష్పత్తిని మారుస్తుంటే కాగితం మధ్యస్థ స్థానాల్లో ఊగుతుంది. దీన్నే పల్స్ వెడల్పు పద్ధతి అంటారు. పీసీలో ఈ సమయాన్ని లెక్కించే టైమర్ 1.193182 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. 64 స్థాయిలు కావాలంటే సెకనుకు సుమారు 18,600 నమూనాలు పంపొచ్చు. ప్రాసెసర్ క్లాక్ సరిగ్గా దీనికి నాలుగు రెట్లు కాబట్టి ఒక్కో నమూనాకు 256 సైకిళ్లు దొరుకుతాయి. సంగీతంలోని నాలుగు వాయిద్యాలను కలపడం, తర్వాతి నమూనా తయారు చేయడం ఆ 256లోనే ముగియాలి. ఒక్కో మెమరీ రాకపోకకే నాలుగు సైకిళ్లు తినే ప్రాసెసర్‌కు ఇది చాలా గట్టి గడువు.

అమిగాలో మరో చక్కని ఉదాహరణ ఉంది. పౌలా చిప్‌లో నాలుగు 8-బిట్ ఛానళ్లు, ఒక్కోదానికి 64 మెట్ల వాల్యూమ్. ఒకే వైపు వినిపించే రెండు ఛానళ్లు తీసుకుని, ఒకదాన్ని 64వ మెట్టు మీద, రెండోదాన్ని 1వ మెట్టు మీద ఉంచితే రెండోది మొదటిదానిలో 64వ వంతు బలంతో మోగుతుంది. 64 అంటే 6 బిట్లు. పెద్ద భాగాన్ని మొదటిదానికి, మిగిలిన సూక్ష్మ భాగాన్ని రెండోదానికి పంచితే 8కి 6 కలిసి 14 బిట్ల ధ్వని వస్తుంది. హార్డ్‌వేర్‌లో ఒక్క తీగ కూడా మారదు.

### 8088 మీద సినిమా: ఒక లెక్క రెండుసార్లు

సరఫరా, తెర, శబ్దం మూడూ కలిసి ఎలా పనిచేస్తాయో చూడటానికి ప్రోగ్రామర్ జిమ్ లెనార్డ్ ఐబీఎం పీసీ మీద చేసిన రెండు ప్రయోగాలు ఉపయోగపడతాయి. 1981 నాటి ఆ పీసీలో 4.77 మెగాహెర్ట్జ్ 8088 ప్రాసెసర్ ఉంటుంది. సీజీఏ గ్రాఫిక్స్ కార్డు మెమరీ 16 కేబీ. పూర్తి బొమ్మకు 16,000 బైట్లు. సెకనుకు 30 బొమ్మలంటే 4,80,000 బైట్లు. ఆ ప్రాసెసర్ తన అత్యంత వేగవంతమైన కాపీ ఆదేశంతో ఒక బైట్ కదిలించడానికి సగటున 12.5 సైకిళ్లు తీసుకుంటుంది. అంటే సెకనుకు సుమారు 3,80,000 బైట్ల దగ్గరే ఆగిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు పెట్టే నిరీక్షణ, డిస్క్ ఆలస్యం కలిపితే ఇంకా తక్కువ.

2004లో వచ్చిన ‘8088 కరప్షన్’ ఈ గోడను తప్పించుకుంది. గ్రాఫిక్స్ మోడ్ వదిలేసి 40 నిలువు వరుసలు, 25 అడ్డ వరుసల అక్షరాల మోడ్‌లో వీడియో ఆడింది. గడికి ఒక అక్షరం, ఒక రంగు జంట: బొమ్మకు 2,000 బైట్లు, సెకనుకు 60,000. ఇది ఆ యంత్రం మోయగల బరువే. ప్రతి గడిలోనూ అసలు వీడియోలోని ఆ భాగానికి అత్యంత దగ్గరగా ఉండే అక్షరం, రంగులు ఏవో ముందుగానే ఆధునిక కంప్యూటర్ ఎంచి పెట్టింది.

2014లో వచ్చిన ‘8088 డామినేషన్’ మళ్లీ గ్రాఫిక్స్ మోడ్‌కే వెళ్లింది. ఈసారి బొమ్మ మొత్తం పంపకుండా, కిందటి బొమ్మకూ కొత్త బొమ్మకూ మధ్య తేడాను మాత్రమే పంపింది. ఆ తేడాను డేటాగా కాక నేరుగా 8088 ఆదేశాలుగా, అంటే ఒక చిన్న ప్రోగ్రామ్‌గా మార్చి పంపడం ఇందులోని ముఖ్యాంశం. డేటా అయితే ప్రాసెసర్ దాన్ని విప్పి చూసి, అర్థం చేసుకుని, నిర్ణయం తీసుకోవాలి. ప్రోగ్రామ్ అయితే నడపడమే. ఒక క్షణంలో నడపగలిగినన్ని సైకిళ్లకు మించి తేడాలుంటే, ముఖ్యమైనవి ముందు పంపి మిగతావి తర్వాతి బొమ్మకు వాయిదా వేసే నిర్ణయాన్ని వీడియోను ముందే సిద్ధం చేసే ప్రోగ్రామ్, అంటే ఎన్‌కోడర్ తీసుకుంటుంది.

ఇక వెయ్యి రంగుల సంగతి. సీజీఏ కార్డు 640 పిక్సెళ్ల మోడ్‌లో చుక్కలు పంపే వేగం 14.318 మెగాహెర్ట్జ్. అమెరికన్ ఎన్‌టీఎస్‌సీ టీవీలో రంగును మోసే తరంగం సరిగ్గా ఇందులో నాలుగో వంతు. కాబట్టి కాంపోజిట్ తీగతో (రంగు, వెలుగు సంకేతాలను కలిపి పంపే ఒకే తీగ) టీవీకి కలిపితే నాలుగేసి నలుపు-తెలుపు చుక్కల అమరికను టీవీ ఒక రంగుగా పొరబడుతుంది. దాంతో 16 రంగులు వస్తాయని 1980లలోనే తెలుసు. ఆపిల్-2 రంగులకూ మూలం ఇదే సూత్రం. 2015లో జర్మనీలో జరిగిన, ఇలాంటి ప్రదర్శనలు పోటీపడే రివిజన్ సమావేశంలో మొదటి బహుమతి గెలిచిన ‘8088 ఎంపీహెచ్’ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. అక్షరాల మోడ్‌లో ప్రతి అక్షరం పైభాగపు గీతలు మాత్రమే కనిపించేలా చేసి, వాటి చుక్కల అమరికను ముందు రంగు, వెనక రంగుల జతలతో కలిపి 1,024 రంగులు రాబట్టింది. కార్డులో మార్పేమీ లేదు. రంగుల తయారీ భారం టీవీ మీద పడింది.

### వంట ఎక్కడ, వడ్డన ఎక్కడ

పై ఉదాహరణలన్నిటినీ వరుసలో పెడితే ఒక తేడా కనిపిస్తుంది. అంచులు తెరవడం, ఒక్క బిట్ స్పీకర్‌తో సంగీతం వాయించడం లాంటివి 1980ల యంత్రాన్ని 1980ల సామగ్రితోనే నడిపి సాధించినవి. వీడియో ప్రదర్శనల్లో వంట ఒకచోట, వడ్డన ఇంకోచోట. ఆధునిక కంప్యూటర్ గంటల తరబడి లెక్కలు కట్టి ప్రతి బొమ్మనూ సిద్ధం చేస్తుంది. పాత యంత్రం దాన్ని సమయానికి తెర మీద పెడుతుంది. ఇందులో మోసమేమీ లేదు, ఎందుకంటే వడ్డన కూడా ఇక్కడ తేలిక కాదు. కానీ ‘40 ఏళ్ల కంప్యూటర్ వీడియోను డీకోడ్ చేస్తోంది’ అనే వాక్యం చాలా సందర్భాల్లో సరికాదు.

అదనపు హార్డ్‌వేర్ వాటాను కొలవడానికి కమొడోర్ 64 లెక్క అనువుగా ఉంటుంది. మల్టీకలర్ బొమ్మ ఒకటి సుమారు 10,000 బైట్లు. ప్రాసెసర్ స్వయంగా కాపీ చేస్తే బైట్‌కు కనీసం 8 సైకిళ్లు, మొత్తం 80,000. అంటే నాలుగు రిఫ్రెష్‌లకు పైనే, సెకనుకు 12 బొమ్మలు మించవు. కమొడోరే అమ్మిన ఆర్‌ఈయూ అనే మెమరీ విస్తరణ సాధనం సైకిల్‌కు ఒక బైట్ కదిలిస్తుంది. అదే బొమ్మ సగం రిఫ్రెష్‌లో వచ్చేస్తుంది. ఇది ఆ కాలపు పరికరమే. కాకపోతే అప్పటి పెద్ద మోడల్ 512 కేబీ, అంటే 52 బొమ్మలు. ఇవాళ దాన్ని అనుకరించే కార్ట్రిడ్జ్‌లు 16 ఎంబీ ఇస్తాయి. 1,600కు పైగా బొమ్మలు పడతాయి. యంత్రం వేగం మారలేదు, గోదాము పెరిగింది.

ఇంకో అడుగు ముందుకేస్తే చిక్కు మొదలవుతుంది. ఆధునిక ఏఆర్ఎం ప్రాసెసర్ దాచుకున్న కార్ట్రిడ్జ్‌లు అసలు లెక్కలు తామే చేసేసి, పాత యంత్రానికి సిద్ధం చేసిన బైట్లు మాత్రమే అందిస్తాయి. 128 బైట్ల మెమరీతో, గీతకు 76 సైకిళ్లతో నడిచే అటారీ 2600 గేమ్ కన్సోల్‌లో ఇలాంటివి కనిపిస్తాయి. దీన్ని తప్పుపట్టేవారికి ఎదురుగా వినిపించే వాదన ఒకటుంది: 1984లో పిట్‌ఫాల్-2 ఆట కార్ట్రిడ్జ్‌లోనే సంగీతం, గ్రాఫిక్స్ కోసం డీపీసీ అనే అదనపు చిప్ పెట్టారు. వాదన పూర్తిగా కొట్టిపారేయదగింది కాదు. అయితే ఆ చిప్‌కూ, కన్సోల్ ప్రాసెసర్ కంటే ఎన్నో రెట్లు శక్తిమంతమైన ఆధునిక ప్రాసెసర్‌కూ మధ్య అంతరం చిన్నది కాదు. అందుకే ఏ ప్రదర్శననైనా అంచనా వేసేముందు అడగాల్సినవి: అదనంగా ఏం తగిలించారు, అది నిల్వ మాత్రమే చేస్తోందా, లెక్కలు కూడా కడుతోందా?

### యంత్రం మారకపోవడమే మూలధనం

ఇంత సూక్ష్మమైన యుక్తులు ఎలా నిలబడుతున్నాయన్నది మరో ప్రశ్న. కోటికి పైగా అమ్ముడైన కమొడోర్ 64లలో ప్రాసెసర్, వీడియో చిప్, క్లాక్ అన్నీ ఒకే పొందికలో ఉంటాయి. ఒక యంత్రంలో 11వ సైకిల్‌కు జరిగేది మరో యంత్రంలోనూ 11వ సైకిల్‌కే జరుగుతుంది. మధ్యలో ఆపరేటింగ్ సిస్టమ్ జోక్యం లేదు, క్యాష్ మెమరీ లేదు, ప్రాసెసర్ తనంతట తాను వేగం మార్చుకోదు. ఇవాళ్టి కంప్యూటర్ కొన్ని వేల రెట్లు వేగమైనదే అయినా, ఫలానా ఆదేశం సరిగ్గా ఫలానా క్షణంలో నడుస్తుందని అది హామీ ఇవ్వదు. పైగా ఉత్పత్తి ఆగిపోయిన యంత్రం గురించిన జ్ఞానం పాతబడదు. 1980లలో ఒకరు కనిపెట్టిన సంగతి మీద 2010లలో ఇంకొకరు కట్టుకుంటూ పోగలిగారు.

ఈ ఏకరూపత సరిహద్దులు దాటితే చెదిరిపోతుంది. యూరప్ యంత్రంలో గీతకు 63 సైకిళ్లు, 312 గీతలు. ఎన్‌టీఎస్‌సీ కమొడోర్ 64లో సాధారణంగా 65 సైకిళ్లు, 263 గీతలు. గీతకు రెండు సైకిళ్ల తేడాతోనే ఎఫ్‌ఎల్‌ఐ బొమ్మ ముక్కలవుతుంది. ఎక్కువ గీతల వల్ల దొరికే అదనపు సమయాన్ని వాడుకున్న యూరప్ ప్రదర్శనలు అమెరికా యంత్రాల్లో అసలు నడవకపోవచ్చు.

### ముందు ముందు

ఈ కృషి ఫలితం మొదట కనిపించేది ఎమ్యులేటర్లలో, అంటే పాత యంత్రాన్ని కొత్త కంప్యూటర్ మీద అనుకరించే ప్రోగ్రామ్‌లలో. మామూలు ఆటలు నడపడానికి చిప్‌ల ప్రవర్తన సుమారుగా తెలిస్తే సరిపోతుంది. అంచులు తెరిచే కోడ్ నడపాలంటే ప్రతి సైకిల్ లోపల ఏం జరుగుతుందో తెలియాలి. 8088 ఎంపీహెచ్ విడుదలైనప్పుడు అప్పటి ఎమ్యులేటర్లేవీ దాన్ని సరిగా నడపలేకపోయాయి. తర్వాత పీసీ ఎమ్యులేటర్ల రచయితలకు అదే ఒక పరీక్షా పత్రమైంది. చిప్ లోపలి నిర్మాణాన్నే అనుకరించే ఎఫ్‌పీజీఏ పరికరాలకూ ఇది వర్తిస్తుంది. 2025లో కమొడోర్ పేరుతోనే ఎఫ్‌పీజీఏ ఆధారిత కమొడోర్ 64 ప్రకటించారు. అలాంటి పరికరం ఎంత నమ్మకమైనదో తేల్చేది పాత ఆటలకంటే ఈ ప్రదర్శనలే.

గుర్తింపు కూడా వచ్చింది. ఇలాంటి ప్రదర్శనలు రూపొందించే డెమోసీన్ అనే సంస్కృతిని 2020లో ఫిన్లాండ్, 2021లో జర్మనీ, పోలండ్ తమ జాతీయ అమూర్త వారసత్వ జాబితాల్లో చేర్చాయి. కాపీ రక్షణను ఛేదించిన బృందాలు ఆటల ముందు తగిలించిన చిన్న పరిచయ చిత్రాల నుంచి పుట్టిన సంస్కృతికి ఇది పెద్ద ప్రయాణమే.

అసలు యంత్రాల పరిస్థితి అంత ఆశాజనకంగా లేదు. సిడ్, విక్-2 చిప్‌ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. 6581 ఫిల్టర్ ఒక్కో చిప్‌లో ఒక్కో రకంగా పలుకుతుంది కాబట్టి నకలు చిప్ ‘సరైన’ ధ్వని దేనితో పోల్చుకోవాలన్నదే తేలదు. తెరల సమస్య ఇంకా తీవ్రం. రెండు బొమ్మలను వెంటవెంటనే మార్చి కొత్త రంగు భ్రమ కల్పించే పద్ధతి, పాత టీవీ ఫాస్ఫర్ మీద మెత్తగా కలిసిపోతుంది. ఎల్‌సీడీ మీద కళ్లకు ఇబ్బందిగా మిణుకుతుంది. కాంపోజిట్ తీగ మీద పుట్టే రంగులు హెచ్‌డీఎంఐ తీగలో పుట్టనే పుట్టవు. ఆ 1,024 రంగులు కొత్త తెర మీద కనిపించాలంటే కంప్యూటర్‌తో పాటు ఎన్‌టీఎస్‌సీ టీవీ రంగులు విడదీసే విధానాన్ని కూడా అనుకరించాలి. ఇప్పుడు కొన్ని పీసీ ఎమ్యులేటర్లు ఆ పని కూడా చేస్తున్నాయి.